ఆళ్లగడ్డ శిల్పం – విశ్వవిద్యాలయ కళాప్రదర్శన: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

విశ్వవిద్యాలయాల కళాగ్యాలరీలు విద్యాసంవత్సరాన్ని అనుసరించి ప్రదర్శనలు నిర్వహిస్తాయి. ఆలయాల కోసం విగ్రహాలు చెక్కే శిల్పశాలలు ప్రతిష్ఠా ముహూర్తాలను అనుసరించి పనిచేస్తాయి. ఈ రెండు కాలగణనల మధ్య ఉన్న వైరుధ్యాన్ని నంద్యాల జిల్లాలోని ఆళ్లగడ్డ రాతిశిల్పం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పూర్తయిన విగ్రహం గ్యాలరీకి అందదు; ఆలయంలో దాని శిల్పం అలంకారం చాటున ఉండిపోతుంది. కాబట్టి ఆళ్లగడ్డ శిల్పాన్ని శిల్పంగా చూడగలిగే కాలం అది తయారవుతున్న కాలమే. విశ్వవిద్యాలయ ప్రదర్శన ఆ కాలాన్ని తన వస్తువుగా స్వీకరించాలని, చేసినవారి పేర్లను నమోదు చేయడం దాని ప్రథమ బాధ్యత అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆళ్లగడ్డ, నంద్యాల, రాతిశిల్పం, కళాగ్యాలరీ, ప్రదర్శన, దర్శనం, అహోబిలం, పారువేట, భౌగోళిక గుర్తింపు.

1. ఉపోద్ఘాతం:

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరుల మీదుగా కడపకు సాగే 40వ నంబరు జాతీయ రహదారి రాయలసీమలోని రెండు శిల్పవిద్యా వ్యవస్థలను కలుపుతుంది. ఒకటి ఆళ్లగడ్డలోని శిల్పశాలల వ్యవస్థ. ఇక్కడ విద్య తండ్రి నుంచి కొడుక్కి, పెద్ద పనివాని నుంచి చిన్న పనివానికి చేతి ద్వారా అందుతుంది. రెండవది కడపలోని విశ్వవిద్యాలయ వ్యవస్థ. 2020లో చట్టం ద్వారా ఆర్కిటెక్చర్, లలితకళల కోసమే కడపలో డాక్టర్ వై.ఎస్.ఆర్. పేరుతో ఒక విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఈ వ్యవస్థలో ప్రవేశ పరీక్ష, సిలబస్, పట్టా ఉంటాయి. చదువు ముగింపులో విద్యార్థి తన పనిని ప్రదర్శనకు పెట్టాలి.

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో లలితకళలకు ప్రత్యేకించిన విశ్వవిద్యాలయం లేదు. కాని శిల్పసంపదలో ఈ జిల్లాకు లోటు లేదు. శ్రీశైలం ప్రాకారం, అహోబిలం మండపాలు, యాగంటి, మహానంది, నంద్యాల చుట్టూ ఉన్న నవనంది క్షేత్రాలు ఈ జిల్లాలోనివే. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల ప్రాంతాల నాపరాయి ఇళ్లలో నేలపరుపుగా పేరు పొందింది. ఆళ్లగడ్డ రాతిశిల్పం భౌగోళిక గుర్తింపు పొందింది. ఇంత రాతిపని ఉన్న సీమలో ఒక విశ్వవిద్యాలయ గ్యాలరీ ప్రదర్శనలు నిర్వహించవలసి వస్తే, అది ఏమి చూపాలి, ఎప్పుడు చూపాలి, ఎవరి పేరుతో చూపాలి అనే మూడు ప్రశ్నలను ఈ వ్యాసం చర్చిస్తుంది.

2. దర్శనం, ప్రదర్శనం:

'దర్శనం', 'ప్రదర్శనం' అనే రెండు పదాలకూ మూలం 'దృశ్' ధాతువే. వ్యవహారంలో మాత్రం వాటి దారులు వేరు. దర్శనంలో భక్తుడు దేవుణ్ణి చూస్తాడు, దేవుడి చూపులో తానూ పడతాడు. భారతీయ దర్శన భావనపై 1981లో ప్రత్యేక గ్రంథం వెలువరించిన డయానా ఎక్ ఈ పరస్పరతనే ప్రధానంగా గుర్తించారు. ప్రదర్శనంలో వస్తువు చూడబడుతుంది. చూసేవాడు దానిని పరిశీలించి, పోల్చి, అంచనా కట్టి ముందుకు సాగుతాడు.

పాశ్చాత్య సౌందర్యశాస్త్రంలో వాల్టర్ బెన్యమిన్ 1930లలో ఈ తేడాను 'ఆరాధనా విలువ', 'ప్రదర్శనా విలువ' అనే జంట భావనలతో వివరించారు. కళ ఆరాధన నుంచి విడివడే కొద్దీ దాని ప్రదర్శనావకాశాలు పెరుగుతాయన్నది ఆయన సిద్ధాంతం. బోస్టన్ లలితకళల మ్యూజియంలో దీర్ఘకాలం పనిచేసిన ఆనంద కుమారస్వామి, కళాకృతులను ఎందుకు ప్రదర్శించాలి అన్న ప్రశ్ననే శీర్షికగా చేసుకొని 1943లో గ్రంథం వెలువరించారు. మ్యూజియంలో ఉన్న ప్రాచీన వస్తువులు మ్యూజియం కోసం చేసినవి కావని, వాటి అసలు ప్రయోజనాన్ని తెలియజెప్పినప్పుడే ప్రదర్శన సార్థకమని ఆయన వాదించారు. రిచర్డ్ డేవిస్ 1997లో భారతీయ విగ్రహాల 'జీవితాల' గురించి రాసిన గ్రంథం ఈ చర్చను మరింత ముందుకు తీసుకువెళ్లింది. ఒకే విగ్రహం ఆలయంలో, యుద్ధంలో, మ్యూజియంలో, న్యాయస్థానంలో వేర్వేరు అస్తిత్వాలను పొందే తీరును ఆయన చూపారు.

ఈ ముగ్గురి చర్చా ప్రధానంగా విగ్రహం తయారైన తరువాతి దశలకు సంబంధించినది. విగ్రహం కాకముందు రాయి గడిపే కాలం ఇందులో తక్కువ చోటు పొందింది. ఆళ్లగడ్డ పరిశీలనకు ఆ కాలమే కీలకం.

3. శిల్పశాల ఆవరణ:

ఆళ్లగడ్డలో శిల్పశాలలు రహదారి వెంట కనిపిస్తాయి. వినాయకుడు, ఆంజనేయుడు, నంది, నాగశిలలు, ద్వారపాలకులు, అమ్మవార్లు, వారితో పాటు నాయకుల విగ్రహాలు ఆవరణలో నిలబడి ఉంటాయి. వీటిలో అధిక భాగం అసంపూర్ణం. ఒక దిమ్మెపై రంగుగీతలు మాత్రమే ఉంటాయి. మరొకదానిలో భుజాల వరకు మోటుపని జరిగి, ముఖం ఇంకా రాతిలోనే ఉంటుంది. మరొకటి నగిషీ దశలో, వేరొకటి నునుపుదశలో ఉంటుంది. విగ్రహం, పీఠం, మకరతోరణం వేర్వేరుగా తయారై చివర ఒక్కటవుతాయి. ఉలి, సుత్తితో పాటు విద్యుత్ కట్టర్, గ్రైండర్ నేడు పనిముట్లలో భాగం.

రాయి ఎంపికలోనే పరిశీలన మొదలవుతుంది. తట్టినప్పుడు పలికే ధ్వనిని బట్టి శిలను పురుష, స్త్రీ, నపుంసక జాతులుగా విభజించే సంప్రదాయం శిల్పశాస్త్రాలలో ఉంది. జిల్లాలో విస్తారంగా దొరికే నాపరాయి పలకలుగా విడిపోయే స్వభావం గలది. నేలపరుపుకు అది గుణం, విగ్రహానికి అదే దోషం. తరువాత తాళమానం వస్తుంది. ముఖం పొడవును ప్రమాణంగా తీసుకొని నవతాళం, దశతాళం వంటి కొలతలలో దేహాన్ని విభజించడం ఈ పద్ధతి. నిలువుగా గీసిన మధ్యసూత్రానికి ఇరువైపులా శిల్పి కొలతలను గుర్తిస్తాడు. పూర్తయిన విగ్రహంలో ఈ గీతల జాడ ఉండదు. ఏ ప్రమాణం మీద రూపం నిలిచిందో కంటితో చూడగలిగేది ఈ దశలోనే.

విగ్రహం ఆలయానికి చేరిన తరువాత జరిగేది గమనార్హం. జలాధివాసం, ధాన్యాధివాసం వంటి సంస్కారాల తరువాత నేత్రోన్మీలనం, ప్రాణప్రతిష్ఠ జరుగుతాయి. అప్పటినుంచి అది శిల్పవస్తువు కాదు, దైవం. నిత్యపూజలో మూలమూర్తిని తైలం, చందనం, పట్టువస్త్రం, కవచం, పూలమాలలు కప్పుతాయి. భక్తునికి కనిపించేది ముఖం, కొన్ని సందర్భాలలో పాదాలు. శిల్పి వారాల తరబడి చెక్కిన కంఠహారాలు, కటిసూత్రం, వస్త్రపు మడతలు అభిషేక సమయంలో అర్చకునికి, కొద్దిమంది భక్తులకు మాత్రమే కనిపిస్తాయి. రాతిలో చెక్కిన నగపై బంగారు నగ చేరుతుంది. ఇది శిల్పానికి జరిగిన అన్యాయమని భావించనక్కరలేదు. విగ్రహం దీనికోసమే తయారైంది. అయితే దీనినుంచి ఒక విషయం తేలుతుంది: ఆ శిల్పాన్ని పూర్తిగా, అన్ని వైపుల నుంచి, పగటి వెలుగులో చూసే అవకాశం శిల్పశాల ఆవరణలోనే ఉంది. బస్సు కిటికీ నుంచి చూసే ప్రయాణికునికి లభించే ఈ దృశ్యం, ప్రతిష్ఠ తరువాత దేశంలో ఏ కళావిమర్శకునికీ లభించదు.

ఈ అర్థంలో ఆళ్లగడ్డ రహదారి ఒక బహిరంగ ప్రదర్శనశాల. అయితే దానికి క్యూరేటర్ లేడు, లేబుల్ లేదు, విమర్శ లేదు. వచ్చేవారు ధర అడుగుతారు, ఎత్తు అడుగుతారు, ఎప్పటికి సిద్ధమవుతుందో అడుగుతారు. ఆ ప్రశ్నలు అవసరమైనవే. కాని శిల్పం గురించి అడగవలసిన ప్రశ్నలు వాటితో పూర్తి కావు.

4. పేరు ప్రశ్న:

గ్యాలరీ లేబుల్‌లో మొదటి పంక్తి కళాకారుని పేరు. ఆ తరువాత శీర్షిక, మాధ్యమం, కొలత, సంవత్సరం ఉంటాయి. పురావస్తు ప్రదర్శనశాల లేబుల్‌లో కళాకారుని చోట రాజవంశం పేరు ఉంటుంది: చాళుక్య, కాకతీయ, విజయనగర అని. భౌగోళిక గుర్తింపు వ్యవస్థలో ఆ చోట ఊరి పేరు నిలుస్తుంది. 1999లో పార్లమెంటు చేసిన చట్టం 2003 సెప్టెంబరు 15 నుంచి అమలులోకి వచ్చింది. ఆ చట్టం కింద రక్షణ పొందేది ఒక ప్రాంతంతో ముడిపడిన వస్తువు పేరు. ఆ పేరును వాడుకునే హక్కు నమోదైన ఉత్పత్తిదారులది. 'ఆళ్లగడ్డ' అన్న పేరును ఇతరులు వాడుకోకుండా ఇది కాపాడగలదు. ఫలానా నరసింహుని ముఖాన్ని ఎవరు చెక్కారో చెప్పదు, చెప్పడం దాని పని కూడా కాదు.

ఈ విధంగా ఒకే రాతిపనికి మూడు చోట్ల మూడు పేర్లు: గ్యాలరీలో వ్యక్తి, మ్యూజియంలో వంశం, చట్టంలో స్థలం. శిల్పశాలలో పేరు ఉండేది గోడ మీది బోర్డుపై, ఫోను నంబరు పక్కన. ఆలయంలో చెక్కబడే పేరు దాతది.

ఇక్కడ తెలుగు సాహిత్య సంప్రదాయంతో ఒక పోలిక అవసరం. 16వ శతాబ్దిలో పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చాడు. 14వ శతాబ్దిలో ఎఱ్ఱన నృసింహపురాణాన్ని అహోబల నరసింహునికి అంకితమిచ్చాడు. ఒకచోట కృతిభర్త రాజు, మరొకచోట దైవం. ఏ సందర్భంలోనూ కృతికర్త పేరు మరుగున పడలేదు. కావ్యావతారికలో కర్త వంశం, భర్త వంశం రెండింటికీ స్థానం ఉంది. ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు అనే రెండు ప్రశ్నలకూ పుస్తకమే జవాబు చెబుతుంది. అదే నంద్యాల సీమలో అదే యుగాలలో నిలిచిన మండపాల విషయంలో దాతల పేర్లు శాసనాలలో కనిపించినంతగా శిల్పుల పేర్లు కనిపించవు. అంటే, కావ్యానికి కర్త, భర్త ఇద్దరూ ఉండగా, శిల్పానికి చాలావరకు భర్త మాత్రమే మిగిలాడు.

దీనిని భారతీయ శిల్పి సహజసిద్ధమైన అనామకత్వంగా, నిరహంకారంగా కీర్తించడం పరిపాటి. ఆ కీర్తనకు ఆధారం బలహీనం. పట్టదకల్లు విరూపాక్షాలయాన్ని నిర్మించిన సూత్రధారి గుండ అనివారితాచారి పేరును 8వ శతాబ్ది శాసనం నమోదు చేసింది. హోయసల శిల్పి మల్లితమ్మ తన పేరును అనేక శిల్పాల కింద చెక్కాడు. అవకాశమున్న చోట శిల్పులు పేరు చెప్పుకున్నారు. కాబట్టి అనామకత్వాన్ని స్వభావంగా భావించడం కంటే, పోషణ వ్యవస్థ ఫలితంగా గుర్తించడం సమంజసం. ఈ గుర్తింపు లేకుండా ఆళ్లగడ్డ విగ్రహాన్ని 'అజ్ఞాత శిల్పి' అన్న లేబుల్‌తో గ్యాలరీలో నిలిపితే, ఆ శిల్పి బతికి ఉండి, రహదారి పక్కన పనిచేస్తూ ఉండగానే అజ్ఞాతుడవుతాడు.

పేరు నమోదులో ఒక సాంకేతిక సమస్య కూడా ఉంది. శిల్పశాలలో ఒక విగ్రహం ఒక్కరి పని కాదు. మోటుపని ఒకరిది, నగిషీ మరొకరిది, నునుపు వేరొకరిది కావచ్చు. ముఖం సాధారణంగా అనుభవజ్ఞుని చేతికి వస్తుంది. గ్యాలరీకి అలవాటైన ఒక్క పేరు పంక్తి ఇక్కడ సరిపోదు. సినిమా ముగింపులో సాంకేతిక నిపుణుల పేర్లు వరుసగా వచ్చినట్లు, లేబుల్ కూడా పనుల వారీగా పేర్లు చెప్పవలసి ఉంటుంది.

5. నంద్యాల సీమలో ప్రదర్శనా కాలాలు:

గ్యాలరీ లేకపోయినా ఈ సీమకు ప్రదర్శన సంప్రదాయం లేదని చెప్పలేము. మూడు ఉదాహరణలు పరిశీలించదగినవి.

5.1. శ్రీశైలం ప్రాకారం:

శ్రీశైల మల్లికార్జునాలయం చుట్టూ ఉన్న విజయనగర కాలపు ప్రాకారం వెలుపలి ముఖంపై శిల్పఫలకాలు వరుసలుగా సాగుతాయి. ఏనుగులు, గుర్రాలు, వేట దృశ్యాలు, యోగులు, సిద్ధులు, శివకథలు ఇందులో ఉన్నాయి. గోడ చుట్టూ నడిస్తేనే ఇది అర్థమవుతుంది. నడక వేగమే చదివే వేగం. లేబుల్ అవసరం లేకుండా కథ తెలిసినవారికి ఇది సాగింది. నేడు నిర్దిష్ట దర్శనవేళలు, క్యూలకు కట్టుబడిన యాత్రికునికి ఆ గోడ వైపు తిరిగే తీరిక తక్కువ. శాశ్వత ప్రదర్శన అయినంత మాత్రాన నిరంతర వీక్షణ ఉంటుందని చెప్పలేమని ఈ ప్రాకారం నిరూపిస్తుంది.

5.2. సంగమేశ్వరం:

కృష్ణా, తుంగభద్రలు కలిసే ప్రాంతంలోని సంగమేశ్వరాలయం శ్రీశైలం జలాశయంలో మునిగి ఉంటుంది. వేసవికి ముందు నీటిమట్టం తగ్గినప్పుడు బయటపడి, వరద రాగానే మళ్లీ మునుగుతుంది. ఇక్కడి వేపదారు శివలింగాన్ని ఆ కొద్ది నెలలలోనే దర్శించగలరు. ఇదే జలాశయం కారణంగా కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాళ్లుగా విడదీసి ఆలంపురానికి తరలించి తిరిగి నిర్మించారు. రెండింటినీ కలిపి చూస్తే ప్రదర్శనకు సంబంధించిన ఒక ప్రాథమిక సందిగ్ధం స్పష్టమవుతుంది. తరలిన ఆలయం ఏడాది పొడవునా కనిపిస్తుంది, కాని తన పేరుకు కారణమైన సంగమానికి దూరమైంది. తరలని ఆలయం తన స్థలంలోనే ఉంది, కాని కనిపించే కాలాన్ని నీరు నిర్ణయిస్తుంది. గ్యాలరీలోకి వస్తువును తీసుకురావడమంటే మొదటి మార్గాన్ని ఎంచుకోవడమే. దాని మూల్యం ఏమిటో కూడవెల్లి చెబుతుంది.

5.3. అహోబిలం పారువేట:

ఆళ్లగడ్డకు సమీపంలోని అహోబిలంలో సంక్రాంతి మరునాడైన కనుమ నుంచి దాదాపు నలభై రోజులపాటు పారువేట ఉత్సవం సాగుతుంది. జ్వాలా నరసింహ, ప్రహ్లాదవరద ఉత్సవమూర్తులు పల్లకిలో చుట్టుపక్కల గ్రామాలకు వెళతారు. చెంచులక్ష్మిని పరిణయమాడిన నరసింహుడు చెంచులకు బావ వరస. ఫాల్గుణంలో జరిగే తన కల్యాణానికి ఆయనే స్వయంగా గ్రామస్థులను పిలవడానికి వస్తాడని విశ్వాసం. నరసింహుడు చెంచులక్ష్మిని అనునయించే దృశ్యాన్ని అహోబిలం స్తంభాల మీద శిల్పులు చెక్కారు. స్తంభం మీద రాతిలో నిలిచిన కథ పారువేటలో పల్లెల మీదుగా నడుస్తుంది.

కళాప్రదర్శన దృష్టితో చూస్తే ఇక్కడ ప్రేక్షకుడు మూర్తి వద్దకు వెళ్లడం లేదు. మూర్తి ప్రేక్షకుని ఊరికి వస్తున్నది. ఏ ఊరికి ఏ రోజు అన్న క్రమం ముందే తెలుసు. ప్రతి గ్రామానికీ అందులో హక్కు, బాధ్యత ఉన్నాయి. సంచార ప్రదర్శన అన్న పదం ఆధునిక మ్యూజియం శాస్త్రానిదే అయినా, దాని ఆచరణ ఈ సీమకు కొత్తది కాదు.

6. విశ్వవిద్యాలయ ప్రదర్శన స్వరూపం:

విశ్వవిద్యాలయం, ప్రదర్శనశాల జంటగా సాగడానికి దీర్ఘ చరిత్ర ఉంది. ఆక్స్‌ఫర్డ్‌లో ఆష్మోలియన్ మ్యూజియం 1683లో తెరుచుకుంది. మన దేశంలో 1919లో ఆరంభమైన శాంతినికేతన్ కళాభవన్, 1950లో ఆరంభమైన బరోడా లలితకళల విభాగం ప్రదర్శనను బోధనలో అంతర్భాగం చేశాయి. తెలుగునాట ఆంధ్ర విశ్వకళాపరిషత్తు లలితకళల విభాగం, హైదరాబాదు విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూలు, 2008లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఈ పరంపరలోనివి.

ఇటువంటి సంస్థల ప్రదర్శనా కాలానికి కేంద్రం విద్యాసంవత్సరాంతంలో వచ్చే విద్యార్థుల ప్రదర్శన. అది ఏకకాలంలో పరీక్ష, పరిచయం, వీడ్కోలు. ఈ పద్ధతి వల్ల విద్యార్థి తన పనికి తానే సమాధానం చెప్పుకోవడం నేర్చుకుంటాడు. పనిని గోడ మీద పెట్టడం, దాని చుట్టూ ఖాళీని వదలడం, పేరు పెట్టడం నేర్చుకుంటాడు. ఈ మేలు చిన్నది కాదు. శిల్పశాలలో పెరిగిన యువకునికి లేని శిక్షణ ఇదే.

పరిమితులూ ఉన్నాయి. ఏడాది పని అంతా చివరి వారంలో, పూర్తయిన రూపంలో, తెల్లని గోడల మధ్య కనిపిస్తుంది. తప్పిన కొలత, విరిగిన అంచు, మార్చిన నిర్ణయం కనిపించవు. సందర్శకులు ఎక్కువగా అదే వృత్తిలోనివారు. శాంతినికేతన్‌లో 1973 నుంచి ఏటా డిసెంబరు ఆరంభంలో జరుగుతున్న నందన్ మేళా ఈ పరిమితిని కొంత అధిగమించింది. నందలాల్ బోసు పుట్టినరోజుకు ముందు విద్యార్థులు, అధ్యాపకులు కలిసి తమ పనులను తక్కువ ధరలకు అమ్మే ఈ మేళా, ప్రదర్శనను సంతగా మార్చి సామాన్య ప్రేక్షకుణ్ణి రప్పించింది.

విశ్వవిద్యాలయాన్ని దాటిన సమస్య మరొకటి ఉంది. కేంద్ర ప్రభుత్వ వ్యవస్థలో లలితకళలు సంస్కృతి మంత్రిత్వశాఖ పరిధిలోనివి. 1954లో ఏర్పడిన లలితకళా అకాడమీ ఆ మార్గం. హస్తకళలు జౌళి మంత్రిత్వశాఖ పరిధిలోనివి. శిల్పగురు వంటి పురస్కారాలు ఆ మార్గంలో వస్తాయి. రాష్ట్రంలో లేపాక్షి విక్రయకేంద్రాలు హస్తకళలకు చెందినవి. ఉలి పట్టిన ఇద్దరిలో పట్టా ఉన్నవాడు శిల్పకళాకారుడిగా మొదటి దస్త్రంలోకి, లేనివాడు హస్తకళాకారుడిగా రెండవ దస్త్రంలోకి వెళతారు. మొదటివానికి ప్రదర్శన, రెండవవానికి విక్రయం. మొదటివాని పనిపై విమర్శ వస్తుంది, రెండవవాని పనికి ధర వస్తుంది. ఆళ్లగడ్డ శిల్పం తెలుగు కళావిమర్శలో దాదాపు చర్చకు రాకపోవడానికి నాణ్యత కారణం కాదు, ఈ దస్త్రాల విభజన ప్రధాన కారణం.

7. కాలాల వైరుధ్యం, ఒక ప్రతిపాదన:

దేవతాప్రతిష్ఠలకు ఉత్తరాయణం ప్రశస్తమని ఆగమ సంప్రదాయం. మాఘం నుంచి జ్యేష్ఠం వరకు ముహూర్తాలు అధికం. అంటే, శిల్పశాల నుంచి విగ్రహాలు వెళ్లిపోయే కాలం, విశ్వవిద్యాలయం వార్షిక ప్రదర్శన జరిపే కాలం ఇంచుమించు ఒకటే. గ్యాలరీ తలుపులు తెరిచే నాటికి శిల్పశాలలో పూర్తయిన పని ఆలయానికి చేరుతుంది. వార్షిక ప్రదర్శనలో ఆళ్లగడ్డకు చోటివ్వాలన్న సదుద్దేశంతో విగ్రహాన్ని కోరినా, అది ప్రతిష్ఠకు కట్టుబడినదై ఉంటుంది. అమ్మకానికి నిల్వ ఉంచిన చిన్న విగ్రహాలే దొరుకుతాయి. వాటిని చూసి ఆళ్లగడ్డ శిల్పాన్ని అంచనా కట్టడం, ముద్రణలో మిగిలిన కాగితాలను చూసి గ్రంథాన్ని అంచనా కట్టడం వంటిది.

దీనికి పరిష్కారం ప్రదర్శనా కాలాన్ని మూడు భాగాలుగా పునర్వ్యవస్థీకరించడంలో ఉంది.

మొదటి భాగం ఆషాఢం నుంచి మార్గశిరం వరకు, అంటే విద్యాసంవత్సరపు మొదటి సగంలో. ప్రదర్శన స్థలం శిల్పశాల ఆవరణే. ఒకే విగ్రహం దిమ్మె దశ నుంచి నునుపు దశ వరకు ఎలా మారిందో విద్యార్థులు నెలనెలా చిత్రాలు, కొలతలు, ఫోటోలతో నమోదు చేయాలి. గ్యాలరీ తన లేబుళ్లను అక్కడికి తీసుకువెళ్లాలి. పనుల వారీగా పేర్లు, వారి సమ్మతితో, నమోదు కావాలి.

రెండవ భాగం ప్రతిష్ఠల కాలంలో, గ్యాలరీ భవనంలో. ఇక్కడ విగ్రహం ఉండదు. తాళమాన చిత్రాలు, మోటుపనిలో విడిచిన రాతిముక్కలు, అరిగిన ఉలులు, దశల వారీ ఫోటోలు, శిల్పుల మాటలు ఉంటాయి. మధ్యలో విగ్రహం కొలతకు సరిపడే ఖాళీ పీఠం ఉంచి, ఆ విగ్రహం ఇప్పుడు ఏ ఊరిలో పూజలందుకుంటున్నదో పలకపై రాయాలి. ప్రేక్షకుడు ఆ ఊరికి వెళ్లి దర్శించవచ్చు. ఈ అమరికలో ప్రదర్శనం దర్శనాన్ని భంగపరచదు, దానికి దారి చూపుతుంది.

మూడవ భాగం సంచార ప్రదర్శన. పారువేట సాగే గ్రామాలలో, ఉత్సవానికి అడ్డురాకుండా, అది ముగిసిన తరువాతి నెలల్లో పాఠశాలలు, కళాశాలల్లో ఈ నమోదులను చూపవచ్చు. ఆ గ్రామాల్లోని ఆలయాలకు విగ్రహాలు ఎక్కడి నుంచి వచ్చాయో, ఎవరు చెక్కారో అక్కడివారికి తెలియజేయడం దీని ఉద్దేశం.

8. ఆక్షేపణల పరిశీలన:

ఈ ప్రతిపాదనకు మూడు ఆక్షేపణలు రావచ్చు.

మొదటిది, పవిత్రతకు సంబంధించినది. దేవతామూర్తి తయారీని ప్రదర్శించడం అపచారం కాదా అన్నది ప్రశ్న. నేత్రోన్మీలనానికి ముందు రాయి రాయే అని శిల్పసంప్రదాయమే హద్దు గీసింది. శిల్పశాల ఎప్పటినుంచో రహదారికి తెరిచే ఉంది. ప్రదర్శన ఆ హద్దుకు ఇవతలే ఆగితే అభ్యంతరానికి ఆస్కారం తక్కువ.

రెండవది మరింత బలమైనది. పనిచేస్తున్న మనిషిని చూపడం అతణ్ణి వింతవస్తువుగా మార్చే ప్రమాదం ఉంది. హస్తకళల మేళాలలో 'ప్రత్యక్ష తయారీ' పేరుతో ఇది తరచు జరుగుతుంది: శిల్పి చెక్కుతూ ఉంటాడు, చుట్టూ జనం ఫోటోలు తీస్తారు, ఎవరూ అతణ్ణి మాట్లాడించరు. ఈ ప్రమాదాన్ని తప్పించాలంటే ఎవరు మాట్లాడతారన్నది ముందే నిర్ణయం కావాలి. లేబుల్ రాసే హక్కులో శిల్పికి భాగం ఉండాలి. విద్యార్థుల శిల్పాలను పరీక్షించే బృందంలో పట్టా లేని అనుభవజ్ఞుడైన శిల్పి కూర్చునే ఏర్పాటు ఉండాలి. రాతిధూళి కూడా ప్రదర్శనలో మాట కావాలి. గ్రైండర్ వచ్చాక పని వేగం పెరిగింది, ధూళీ పెరిగింది. రాతిధూళి ఊపిరితిత్తులకు తెచ్చే సిలికోసిస్ వ్యాధి రాతిపనివారి వృత్తిలో భాగమైన ముప్పు. నునుపైన విగ్రహాన్ని మాత్రమే చూపే గ్యాలరీ ఈ ముప్పును తుడిచేస్తుంది.

మూడవది సౌందర్య విలువకు సంబంధించినది. శాస్త్రప్రమాణాలను అనుసరించి, కొనుగోలుదారు కోరిన నమూనాలో తయారయ్యే పనిలో సృజన ఎంత అన్నది ప్రశ్న. అన్ని విగ్రహాలూ సమాన స్థాయిలో ఉండవన్నది నిజమే. యంత్రంతో చేసిన తొందరపని, ముద్రిత క్యాలెండరు బొమ్మను రాతిలోకి దించిన పని శిల్పశాలల్లో కనిపిస్తాయి. ఛందస్సు ఉన్నంత మాత్రాన పద్యాలన్నీ ఒకటి కానట్లే, తాళమానం ఉన్నంత మాత్రాన విగ్రహాలన్నీ ఒకటి కావు. పెదవి అంచు దగ్గర ఉలి ఎక్కడ ఆగింది, ఉగ్రరూపంలోనూ కరుణను కనుబొమ మీద ఎలా నిలిపారు, బరువు ఏ పాదం మీద పడింది వంటి విషయాల్లో చేతుల మధ్య తేడా తెలుస్తుంది. ఈ తేడాను చెప్పగలిగే విమర్శ పరిభాషను తయారుచేయడమే విశ్వవిద్యాలయం చేయవలసిన పని. అందరినీ ఒకేలా మెచ్చుకోవడం శిల్పులకు గౌరవం కాదు. పనిని చూసి ఎక్కువ తక్కువలు చెప్పగలగడమే గౌరవం.

9. ముగింపు:

పై పరిశీలన ద్వారా కింది అంశాలు తేలాయి.

1. ఆళ్లగడ్డ విగ్రహాన్ని శిల్పంగా పూర్తిగా చూడగలిగేది ప్రతిష్ఠకు ముందు మాత్రమే. కాబట్టి దాని ప్రదర్శనకు తగిన వస్తువు పూర్తయిన మూర్తి కంటే తయారీ కాలం.

2. శిల్పి అనామకత్వం సంప్రదాయ స్వభావం కాదు. పోషణ, మ్యూజియం, చట్టం అనే వ్యవస్థలు వేర్వేరుగా కలిగించిన ఫలితం. కావ్యంలో కృతికర్తకు ఉన్న స్థానం శిల్పంలోనూ కల్పించడానికి పనుల వారీ లేబుల్ ఒక మార్గం.

3. నంద్యాల సీమలో నడకతో సాగే ప్రాకారం, నీటితో మారే సంగమేశ్వరం, ఊరూరా తిరిగే పారువేట ఇప్పటికే మూడు ప్రదర్శనా పద్ధతులను అందించాయి. గ్యాలరీ వీటినుంచి నేర్చుకోవలసింది ఉంది.

4. విద్యాసంవత్సరం, ముహూర్తకాలం మధ్య ఉన్న ఘర్షణను గుర్తించి ప్రదర్శనల క్రమాన్ని మార్చకపోతే, విశ్వవిద్యాలయ గ్యాలరీకి ఎప్పుడూ అమ్ముడుపోని విగ్రహాలే దక్కుతాయి.

5. లలితకళ, హస్తకళ అన్న పరిపాలనా విభజన విమర్శకూ హద్దుగా మారింది. దానిని దాటవలసిన బాధ్యత పరిశోధకులది, అధ్యాపకులది.

కడపలో పట్టా కోసం శిల్పం నేర్చుకుంటున్న విద్యార్థి, ఆళ్లగడ్డలో కూలి కోసం శిల్పం చెక్కుతున్న యువకుడు ఒకే రహదారి మీద ఉన్నారు. మొదటివానికి తన పని గురించి మాట్లాడే భాష ఉంది, రెండవవానికి ఏళ్ల తరబడి రాతితో పొందిన అనుభవం ఉంది. ఒకరి దగ్గర ఉన్నది మరొకరికి అందే ఏర్పాటు చేయగలిగితే ఆ ప్రదర్శన సఫలమైనట్లే. అందుకు కొత్త భవనం కట్టేవరకు ఆగనవసరం లేదు. రాబోయే విద్యాసంవత్సరంలో ఒక విగ్రహాన్ని ఎంచుకొని, దాని మీద పనిచేసిన వారందరి పేర్లూ రాసుకోవడంతో ఆరంభించవచ్చు.